తండాలో న్యాయ విజ్ఞాన సదస్సు జయప్రదం చేయడం ఎలా?

నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాలకు చట్టం గురించి చెప్పే పని మీ నెత్తిన పడిందా? భయపడకండి. ఈ విద్యలో ఆరితేరినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల అనుభవసారమే ఈ చిట్కాలు. తు.చ. తప్పకుండా పాటిస్తే మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది, తండాలో ఎవరికీ ఏమీ తెలియదు.

ముందు ముహూర్తం. నవంబరు 9ని మించింది లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 1995లో అమల్లోకి వచ్చింది ఆ రోజునే. అందుకే ఏటా ఆ రోజు జాతీయ న్యాయ సేవల దినోత్సవం. మీకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. దసరా, దీపావళి నాటికే ఖేడ్ తండాల జనం చెరుకు నరకడానికి జహీరాబాద్ వైపో, కర్ణాటకకో, మహారాష్ట్రకో లారీలెక్కి వెళ్లిపోతారు. మీరు చేరేసరికి తలుపులకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల చుట్టూ మనవలు. ప్రశ్న అడిగే మనిషి ఉండడు. ఆ తేదీ కుదరలేదంటే ఫిబ్రవరి 15న లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి పెట్టుకోండి. అప్పటికి కూడా ఫ్యాక్టరీల్లో గానుగ ఆగదు. దండ వేస్తూ ఫొటో దిగే వీలు అదనం.

శ్రావణంలో తీజ్ జోలికి మాత్రం పోవద్దు. ఆ తొమ్మిది రోజులూ తండా నిండా మనుషులే. ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ పాడుతుంటే మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు, తండా పెద్దలు నాయక్, కారుబారి ఇద్దరూ దొరుకుతారు. పైగా కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ, అంటే ముకద్దం వచ్చి అడ్వాన్సు డబ్బులు పంచేది ఆ వానాకాలంలోనే. సరిగ్గా ఆ వేళకు మీరు చట్టం చెబితే ఎవడైనా విని, వేలిముద్ర వేయబోయి ఆగిపోతాడు.

భాష విషయంలో గట్టిగా ఉండండి. వీళ్లు ఇంట్లో గోర్ బోలి మాట్లాడతారు, సంతలో తెలుగు, బీదర్ వైపు కన్నడం, దెగ్లూరు వైపు మరాఠీ. మీరు వీటిలో దేనికీ లొంగకండి. “వెట్టి ఋణము చెల్లించు బాధ్యత అంతరించినదిగా భావింపబడును” అనే ధోరణిలో సాగిపోండి. అదే మాటను “అడ్వాన్సు తీరలేదని మనిషిని పట్టి ఉంచుకుంటే ఆ బాకీ చెల్లదు, 1976 నుంచే చెల్లదు” అన్నారనుకోండి, అరుగు మీది యాడికి, అంటే ఆ ముసలి తల్లికి కూడా అర్థమవుతుంది. అర్థమైతే ఊరుకోదు, చెరుకు తోటలో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తుంది.

లెక్కల్లోకి అసలు దిగకండి. మొగుడూ పెళ్లామూ కలిస్తే ముకద్దం చిట్టాలో ఒక కోయతా. అతను నరుకుతాడు, ఆమె మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని లారీ మీదికి ఎక్కిస్తుంది. జ్వరమొచ్చి ఒకరోజు పడుకుంటే ఖాడా అని కోత. సీజన్ చివర ముకద్దం చొక్కా జేబులోంచి నలిగిన చిట్టీ తీసి, తనకు మాత్రమే కనిపించేలా పట్టుకుని చదువుతాడు.

“ఇంకా బాకీ ఉన్నది. వచ్చే ఏడు రావాలె.”

“ఎన్ని టన్నులు కొట్టినమో రాసినవా దాదా?”

“రాసిన.”

అంతే, లెక్క ముగిసింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వమంది, కూలి రేటు, కోతలు అందులో రాయమంది. మీ కరపత్రంలో ఆ చట్టం పేరు మాత్రం పెద్దక్షరాల్లో వేయించండి, పాస్‌బుక్ ఊసెత్తకండి. ఆ చట్టాన్ని 2020 లేబర్ కోడ్‌లో కలిపేశారన్న సంగతి కూడా అనవసరం. కనీస కూలి కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని బలవంతపు పనేననీ, అది రాజ్యాంగం 23వ అధికరణానికి విరుద్ధమనీ 1982లోనే ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీకది తెలిసినా మనసులోనే ఉంచుకోండి.

సరిహద్దు సంగతి మరీ చిక్కు. లంబాడీలు తెలంగాణలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతి. ఖేడ్‌లో తీసుకున్న కులం కాగితానికి అవతలి గట్టున విలువ లేదు. ఇది వివరించడం మొదలుపెడితే వెంటనే అడుగుతారు: “మరి అక్కడ కొడితే మాకు దిక్కెవరు సారూ?” అప్పుడు మీరు న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెప్పాల్సి వస్తుంది. ఎస్సీ, ఎస్టీలతో పాటు ఆడవాళ్లకూ, పిల్లలకూ, వెట్టి బాధితులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే వకీలును పెడుతుంది. ఆడమనిషైతే చాలు, ఏ రాష్ట్రంలోనైనా కులం కాగితం అక్కర్లేదు. దీనికి తోడు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చునని కూడా నోరు జారారంటే, మోపు మోసిన మనిషే ముందుగా మెట్లెక్కుతుంది.

ఇక ప్రచారం. ఫ్లెక్సీ తప్పనిసరి. సగం అతిథుల ఫొటోలు, మిగతా సగం వాళ్ల హోదాలు. వాట్సాప్‌లో నలభై పేజీల పీడీఎఫ్ వదలండి, చదవడం రాని గ్రూపుల్లో దాని గౌరవమే వేరు. రేడియోతో మాత్రం జాగ్రత్త.

ఎందుకంటే మన జిల్లాలోనే ఒక చెడ్డ ఉదాహరణ ఉంది. జరాసంగం మండలం మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు 1998 నాటికే స్టూడియో సిద్ధం చేసుకున్నారు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, లైసెన్సు మాత్రం రాలేదు. మామూలు మనుషులైతే విరమించుకునేవాళ్లు. వీళ్లు క్యాసెట్లు నింపి, టేప్ రికార్డర్ మోసుకెళ్లి సంఘం మీటింగుల్లో వినిపించారు. 2006లో సంఘాలకు రేడియో ఇచ్చే మార్గదర్శకాలు వచ్చాయి. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపింది పొలం పనులు తెలిసిన ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. ప్రసారం పొద్దుగూకాక, కూలికి పోయినవాళ్లు ఇల్లు చేరాక. మాట్లాడేది వినేవాళ్ల యాసలోనే. ఇలాంటివాళ్లను చూసి నేర్చుకుంటే మైకు మీ చేతిలో నిలవదు.

మీ అదృష్టం కొద్దీ ఆ చిన్న ట్రాన్స్‌మిటర్‌కు ఖేడ్ దాకా అందే బలం లేదు. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధన కూడా మీకు పనికొస్తుంది. ఎవరైనా మైకు ముందుకొచ్చి “మా కూలి ఇయ్యలే” అంటే, అది వార్త కిందికి వస్తుందని చెప్పి ఆపేయండి. నిబంధన ఉద్దేశం అది కాకపోయినా అడిగేవాళ్లెవరు?

ఫోన్ ఇంకా ప్రమాదం. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర అనే ఫోన్ వేదికలో గోండులు ఫోన్ చేసి తమ భాషలోనే తమ కష్టం రికార్డు చేశారు. విన్నవాళ్లు నేరుగా అధికారులకు ఫోన్లు కొట్టారు. ఇంతకన్నా అల్లరి ఉంటుందా? షోలాపూర్ వైపు చెరుకు తోటలో, గుడిసె ముందు రాత్రిపూట కూర్చున్నవాడి చేతిలోనూ ఫోన్ ఉంటుంది. గోర్ బోలిలో రెండు నిమిషాల మాట వాడికి చేరడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. కాబట్టి ఈ పేరా చదివి మరిచిపోండి. పారా లీగల్ వాలంటీరుగా తండాలో పదో తరగతి చదివిన కోడలిని పెట్టాలన్న ఆలోచన కూడా దీనితో పాటే మరిచిపోండి.

ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది 15100. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ఉచిత ఫోన్ నంబరు అది. ఫ్లెక్సీ మీద వేయక తప్పకపోతే ఆహ్వాన కమిటీ పేర్ల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో వేయించండి. మైకులో చదవొద్దు, పిల్లల చేత పాట కట్టించొద్దు, బడి గోడ మీద రాయించొద్దు. ముకద్దం ఫోన్ నంబరు తండాలో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. ఈ అయిదంకెలు కూడా అలాగే నోటికి వచ్చేస్తే వచ్చే ఏడాది మీకు సదస్సు పెట్టే పని ఉండదు.