చిప్పు జ్ఞాపకశక్తి

కువైటులోని రిగ్గై వీథిలో తనిఖీకి నిలిచిన పోలీసునకు మన కడప సోదరి చూపు బతాకా (గుర్తింపు కార్డు)లోని పన్నెండంకెల సంఖ్యయందు ఆమె జన్మదినము సయితము పొదుగబడి యున్నదనియు, 2019 మార్చి మొదలు పాసుపోర్టుపై ఆకామా (నివాసానుమతి) ముద్ర యంటించు శ్రమ తొలగి నివాసార్హత యంతయు ఆ చిప్పుగల కార్డునకే సంక్రమించినదనియు విన్నవాడెవ్వడు విజ్ఞానమును మెచ్చకుండును?

అయితే ఇంతటి ధారణ గల ఆ చిప్పునకు, యజమాని యెగవేసిన జీతము మాత్రము జ్ఞప్తికి రాదు. గృహకార్మికుల పాసుపోర్టును వారి సమ్మతి లేక యజమాని యుంచుకొనరాదని 2015 నాటి 68వ చట్టము శాసించినను, ఆ పాసుపోర్టు కఫీలు (పూచీదారుడైన యజమాని) బీరువాలో నెన్నేండ్లుగ నిద్రించుచున్నదో తెలియదు. దెబ్బలకు తాళలేక ఖద్దామా (పనిమనిషి) గడప దాటగా, కఫీలు పరారీ కేసు పెట్టెనా, ఆకామా చెల్లదన్న సంగతి మాత్రము చిప్పునకు చక్కగ తెలియును.

2018, 2020, 2024లలో ప్రభుత్వము క్షమాభిక్ష ప్రసాదించెను. క్షమింపబడినది ఆకామా పోగొట్టుకొన్నవారే. (జీతమడిగిన నేరమును మన్నించుట కెంత విశాలహృదయము కావలెను!)

పక్షపాత మనరాదు, వేలిముద్రలిచ్చుటకు ప్రవాసులకు 2024 డిసెంబరు 31 గడువైనట్లే, కువైటీలకును సెప్టెంబరు 30 గడువు విధించి, కఫీళ్ళ వేలిముద్రలను సయితము సేకరించిరి, బీరువా తాళముమీదనుండి మాత్రము కాదు.