అరల ఆసామి

అమెరికాలో పాముల్ని పెంచేవాడికి పాములంటే ప్రాణమని జనం అనుకుంటారు. మొదటి ఆర్నెల్లూ నిజమే. ఆ తర్వాత ఆ ప్రాణం పాము మీంచి పాముండే డబ్బా మీదికి, డబ్బా మీంచి అది దూరే అర మీదికి, అర మీంచి దాన్ని కోసే రంపం మీదికి పాకిపోతుంది. నేను చెప్పబోయే ఆసామి రంపం దశలో ఉన్నాడు.

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్ళుండే కాలనీల్లో ఇలాంటివాడు వీధికొకడు ఉండడు గానీ, ఉన్న వీధిలో అందరికీ తెలుస్తాడు. శనివారం పొద్దున్నే గ్యారేజీ తలుపు ఎత్తి ఉంటుంది. కార్లు రెండూ బయట ఎండలో ఉంటాయి. లోపల ఇతను. చెవి మీద పెన్సిలు, నడుముకి టేపు, ఒంటినిండా రంపప్పొట్టు. వారమంతా కంటికి కనపడని క్లౌడ్‌లో పనిచేసేవాడు కాబట్టి చేతికి తగిలే పని దొరికితే వదలడు. పెళ్ళిరోజు ఎప్పుడని అడగండి, తడుముకుంటాడు. కొట్లో ముప్పావంగుళం అని అమ్మే ప్లైవుడ్ నిజానికి అంగుళంలో 32కి 23 వంతులే ఉంటుందని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రంపం ఒక్కో కోతకీ ఎనిమిదో వంతు అంగుళం మింగేస్తుందనీ, ఎనిమిది కోతలయ్యేసరికి అంగుళం గల్లంతనీ చెప్పేటప్పుడు అతని గొంతు జీరబోతుంది.

మొదట్లో ఒక్కటే పాము. బాల్ పైథాన్. ఘనా, టోగో, బెనిన్ వైపు చెదపుట్టల్లో, ఎలుక కలుగుల్లో తలదాచుకునే చిన్నజాతి కొండచిలువ. విషం లేదు. ఆడది ఎంత ఎదిగినా నాలుగైదడుగులు. భయమేస్తే చుట్ట చుట్టుకుని తల మధ్యలో దాచేసుకుంటుంది. పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు బతకగలదు, అంటే ఇంటి లోను తీరేదాకా పక్కనే ఉంటుంది. పిల్లలకి కుక్కపిల్ల వద్దన్న ఇల్లాలు, మొరగదు, బొచ్చు రాల్చదు అన్న వాదనకి లొంగి దీనికి ఒప్పుకుంది. తప్పు ఆమెది కాదు, రంగులది. 1992లో బాబ్ క్లార్క్ పెంపకంలో ఆల్బినో బాల్ పైథాన్ పిల్లల్ని పొదిగించాక ఈ జాతిలో రంగుల వేట మొదలైంది. పేస్టల్, పైడ్, క్లౌన్, బనానా అంటూ పేర్లు పుట్టుకొచ్చాయి. ఒకటి కొన్నవాడికి రెండోది కనపడుతుంది. రెండు కొన్నవాడికి గాజుతొట్టెలు పెట్టే చోటు కనపడదు. అప్పుడు పుడుతుంది ర్యాకు.

ర్యాకు కిటుకు వింటే తేలిక. ప్లాస్టిక్ డబ్బాలు సొరుగుల్లా అరల్లోకి దూరతాయి. డబ్బాలకి మూతలుండవు. పై అర పలకే కింది డబ్బాకి మూత. అందులోనే ఉంది ప్రాణసంకటమంతా. డబ్బా అంచుకీ పలకకీ మధ్య సందు కాస్త ఎక్కువైతే పాము తెల్లారేసరికి బట్టల అల్మారాలో తేలుతుంది. కాస్త తక్కువైతే డబ్బా కదలదు. వేసవిలో చెక్క ఉబ్బితే అసలే కదలదు. గాలి కోసం డబ్బా పక్కల సోల్డరింగ్ ఐరన్‌తో బెజ్జాలు పెడతాడు. ఆ రోజు ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ వాసన. వెనకవైపు గాడి తీసి హీట్ టేపు అతికిస్తాడు. డబ్బా వెనకభాగం 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, ముందుభాగం 78 దగ్గర ఉండాలి. పాము తనకి కావలసిన చోటికి జరుగుతుంది. థర్మోస్టాట్ లేకుండా ఆ టేపుకి కరెంటిస్తే పాము పొట్ట కాలుతుంది, ఇల్లూ అంటుకోవచ్చు. అందుకే దాని ఖర్చు దగ్గర మాత్రం అతను చెయ్యి వెనక్కి తియ్యడు. జనవరిలో చలేస్తోందని ఇల్లాలు హీటరు రెండు డిగ్రీలు పెంచినప్పుడే కరెంటు బిల్లు గుర్తొస్తుంది.

డబ్బాల అడుగున పరచడానికి కొబ్బరిపొట్టు కావాలి. తేమ పట్టి ఉంచుతుంది, మంచిదే. కానీ కోనసీమలో కొబ్బరితోటల మధ్య పుట్టి, డాలర్లు పోసి ఇటుకల్లా నొక్కిన కొబ్బరిపొట్టు కొంటున్న మనిషిని చూస్తే వాళ్ళ తాతగారు ఏమనేవారో.

అన్నిటికన్నా పెద్ద తద్దినం డబ్బా. అది పాముల కోసం చేసింది కాదు. మంచం కింద దుప్పట్లు దాచుకోమని అమ్మే 41 క్వార్టుల డబ్బా. చేసేవాళ్ళకి టెక్సాస్‌లో ఒక తెలుగువాడు దాని అంచుని నమ్ముకుని ర్యాకు కట్టాడని తెలీదు. ఒక ఏడాది అంచు కాస్త వంచుతారు, ఇంకో ఏడాది చక్రాలు పెడతారు. కొత్త డబ్బా పాత అరలో దూరదు. అందుకని ఇతను ఏ ఊరెళ్ళినా ముందు పెద్ద కొట్లో గృహోపకరణాల వరసలోకి వెళ్ళి పాత రకం డబ్బాలున్నాయా అని చూస్తాడు. దొరికితే దొరికినన్నీ తెస్తాడు. తెచ్చినన్ని డబ్బాలకీ అరలు కడతాడు. మూడు పాములున్న ఇంట్లో పద్నాలుగు అరలెందుకండీ అని ఇల్లాలు అడిగితే, ‘ముందుచూపు’ అంటాడు. ఖాళీ డబ్బా అతనికి రాత్రి నిద్ర పట్టనివ్వదు. ఆర్లింగ్టన్‌లో సరీసృపాల సంత జరిగే వారం వస్తే ఆ ఖాళీలు నిండుతాయి. పాముల కోసం అరలు కట్టాడనుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు.

అంత ఇరుకు డబ్బాలో బంధించడం ఏమిటని వాదించేవాళ్ళు ఆ పాములవాళ్ళలోనే ఉన్నారు. పాము ఒళ్ళు పూర్తిగా సాచుకునే చోటు ఇవ్వాలంటారు. వీడు మాత్రం, కలుగులో ఉండే జీవికి ఇరుకే ధైర్యం అంటాడు. రెండింట్లోనూ నిజముంది. కాకపోతే పద్నాలుగు గాజు ఇళ్ళు కట్టడం కన్నా పద్నాలుగు అరలు కట్టడం చవకన్న మూడో నిజం వీడి గొంతులో గట్టిగా వినిపిస్తుంది.

టెక్సాస్ వేసవిలో గ్యారేజీ కొలిమి, కాబట్టి ర్యాకు ఉండేది గెస్ట్‌రూములో. ఆ గది అత్తగారిది. విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లుంటారు. వచ్చిన రోజు తెల్లటి మెలమిన్ అరలు చూసి, ‘బట్టలకి బాగా కట్టించావు బాబూ’ అన్నారట. సంగతి తెలిశాక గోల చేస్తారని అందరూ కాచుక్కూర్చున్నారు. ఆవిడ చేతులు జోడించారు. కార్తీకంలో నాగుల చవితి వచ్చింది. ఫ్రిస్కోలో పుట్ట ఎక్కడ వెతుక్కుంటాం? ఆవిడ పొద్దున్నే తలంటుకుని ర్యాకు ముందు చిమ్మిలి, చలిమిడి, పాలు పెట్టారు. ఆసామి పరుగెత్తుకొచ్చి, పాము పాలు తాగదండీ, దానికి అరగవు అని ఉపన్యాసం మొదలెట్టాడు. ‘పుట్టలో పోస్తాం గానీ పాము నోట్లో పోస్తామా బాబూ, ఆమాత్రం తెలీదా’ అని ఆవిడ పద్నాలుగు అరలకీ వరసగా పసుపూ బొట్టూ పెట్టుకుంటూ పోయారు. మెలమిన్‌కి పసుపు మరక వదలదని వాడి గుండె చెరువు. చలికాలం పడుతుండగా మగ పైథాన్లు తిండి ముట్టడం మానేశాయి. అది వాటికి మామూలే, నెలల తరబడి మానేస్తాయి. ‘కార్తీక ఉపవాసాలు’ అన్నారు అత్తగారు. ఫ్రీజరులో మునక్కాయ ముక్కల పక్కన ఉన్న కవరు ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇక ఇల్లు మారడం. ఉద్యోగం మారితే ఇల్లు మారాలి, ఇల్లు మారితే ర్యాకు మారాలి. హవాయిలో మంచి అవకాశం వచ్చింది గానీ అక్కడ పాము పెంచితే మూడేళ్ళ దాకా జైలు, రెండు లక్షల డాలర్ల దాకా జరిమానా. ఇండియా వెళ్ళిపోదామా అంటే, 1972 వన్యప్రాణి చట్టం కింద మన కొండచిలువని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. చివరికి ఆస్టిన్ దారిలో ఒక ఊరు ఖాయమైంది.

పాముల తరలింపు అరగంట పని. వారం ముందునుంచి తిండి పెట్టలేదు. ఒక్కోదాన్ని ఒక్కో దిండుగలీబులో వేసి మూతి ముడేసి, డబ్బాల్లో సర్ది, కారులో ఏసీ సమంగా పెట్టాడు. గలీబులు అత్తగారి పరుపు సెట్టువి. కష్టమంతా ర్యాకుతోనే. మెలమిన్ పలక నాలుగడుగులు బై ఎనిమిదడుగులది దాదాపు వంద పౌండ్లు తూగుతుంది. వీడు నాలుగు వాడాడు. స్క్రూలు చాలవన్నట్టు జిగురు కూడా పూశాడు. గదిలోనే కట్టాడు. మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. గది తలుపు రెండున్నర అడుగులు. పుస్తకాల అల్మారా మోయాలని చెప్పి, బిర్యానీ ఆశ చూపి పిలిచిన నలుగురు మిత్రులు దాన్ని నిలబెట్టి, పడుకోబెట్టి, ఏటవాలుగా తిప్పి చూశారు. టేపు పుట్టినప్పటినుంచీ నడుముకే ఉంది. ఆ తలుపుని ఎవరూ కొలవలేదు.

సాయంత్రానికి రంపం బయటికి రాక తప్పలేదు. నిలువునా రెండుగా కోద్దామంటే, రెండు వరసలకీ మధ్యగోడ ఒక్కటే. అది ఏ భాగానికి వెళ్ళాలన్నది అన్నదమ్ముల వాటాల్లో ఉమ్మడిగోడ తగువంత అయ్యింది. మిత్రుల్లో ఒకడు పెద్దమనిషిలా కూర్చుని, గోడ ఎడమ వాటాకి ఇప్పించాడు. కుడి వాటా ఒక పక్క బోసిగా, పలకలన్నీ గాల్లో వేలాడుతూ నిలబడింది. దాన్ని ఆ ఇంట్లోనే వదిలి, ‘ఉచితం, ట్రక్కు మీరే తెచ్చుకోవాలి, పాత రకం డబ్బాలు ఏడు అదనం’ అని ప్రకటన ఇచ్చాడు.

గంటలో ఒకాయన వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. నడుముకి టేపు. ఇద్దరూ గ్యారేజీలో కూర్చుని సందుల గురించి, గాడుల గురించి, థర్మోస్టాట్ ప్రోబు ఎక్కడ అతికించాలన్న దాని గురించి మాట్లాడుకుంటుంటే ఇల్లాలు మూడుసార్లు టీ ఇచ్చింది. వెళ్ళేముందు వచ్చినాయన ఏడు డబ్బాలూ జాగ్రత్తగా కారులో సర్దుకున్నాడు.

‘మరి ర్యాకండీ?’ అంది ఇల్లాలు, గుమ్మం దాకా వచ్చి.

‘అదెందుకమ్మా,’ అన్నాడాయన నొచ్చుకున్నట్టు, ‘నేను కట్టుకుంటాగా.’