బాయి దిగకుండా మస్టరు

బెల్లంపల్లిలో ఈమధ్య దుకాణం తెరవకముందే పేజీ తెరుస్తున్నారు. టిఫిన్ సెంటరైనా, ఫొటో స్టూడియో అయినా, వచ్చేసారి వార్డుకు నిలబడదామనుకునే యువనాయకుడైనా ఇన్‌స్టాలో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో రోజూ కనపడి తీరాలి. కనపడకపోతే జనం మరిచిపోతారట. రోజూ కనపడాలంటే రోజూ తీరిక ఎక్కడిది? పొద్దున దోశలు పోయాలి, మధ్యాహ్నం కరెంటు బిల్లు కట్టాలి, సాయంత్రం పిల్లను ట్యూషన్ నుంచి తేవాలి. అందుకే వారానికి పది నిమిషాలు మించకుండా, ఏడాది పొడుగునా నాగా లేకుండా ఆన్‌లైన్‌లో వెలిగిపోయే ఉపాయాలు చెబుతున్నాను. రాసిపెట్టుకోండి.

ముందు మూలసూత్రం. సింగరేణిలో హాజరు అంటే మస్టరు. 1952 నాటి గనుల చట్టం ప్రకారం జీతంతో కూడిన వార్షిక సెలవు దక్కాలంటే భూగర్భంలో పనిచేసేవారికి ఏడాదికి 190 మస్టర్లు, పైన పనిచేసేవారికి 240 మస్టర్లు పడాల్సి ఉండేది. ఆ 190 కోసం మన తండ్రులు ఏం చేశారు? ల్యాంప్ రూములో దీపం తీసుకుని, టోపీకి తగిలించుకుని, నిజంగానే బాయిలోకి, అంటే గనిలోకి, దిగారు. ఎంత అమాయకులో చూడండి. ఆన్‌లైన్‌లో ఆ పట్టింపు లేదు. మీరు దిగారా, ఎంత బొగ్గు తీశారు అని అక్కడ ఎవరూ అడగరు. పేరు పడితే చాలు. కాబట్టి 240తో ఆగకుండా 365 వేయించుకోండి, వారపు సెలవైన ప్లే డే కూడా వదలకండి.

రోజుకో కొత్త సంగతి ఎక్కడి నుంచి తేవాలని బెంగపడకండి. మీకు వచ్చే శుభోదయాలే మీ గని. మేనబావ పంపిన గులాబీపూల బొమ్మ కింద ఎవరిదో చీరల షాపు పేరు ఉంటుంది. దాన్ని కత్తిరించి మీ పేరు అతికించండి. బాగా తిరిగిన మెసేజీకి వాట్సాప్ రెండు బాణాలు తగిలిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. అబద్ధాలు ఊరంతా పాకకుండా ఆ కట్టడి పెట్టారట. మనకేం, స్క్రీన్‌షాట్ తీస్తే బాణాలు మాయం. ఆ మెసేజీ నిజమో కాదో చూడటానికి పట్టే టైము కూడా మిగులుతుంది.

తర్వాత పండుగలు. ఉగాది నుంచి సంక్రాంతి దాకా అన్ని శుభాకాంక్షలూ ఒక్క ఆదివారం కూర్చుని షెడ్యూల్ చేసేయండి. తేదీలకు క్యాలెండర్ తిరగేసే పనిలేదు, గత ఏడాదివే వేయండి. చాంద్రమానంలో పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని, అధికమాసం వస్తే మళ్లీ వెనక్కి పోతుందని పంచాంగం చూసేవాళ్లు ఏదో అంటారు. పట్టించుకోకండి. ఆడవాళ్లు సద్దుల బతుకమ్మను చెరువులో వదిలి, మలీద పంచుకుని, ఇంటికొచ్చి నిద్రపోయిన రెండు మూడు రోజులకు మీ ‘ఎంగిలిపూల బతుకమ్మ శుభాకాంక్షలు’ వస్తే మిగతావాళ్ల పోస్టుల గుంపులో కలవకుండా ఒంటరిగా మెరుస్తుంది. ఏటా అదే తేదీన వచ్చేది కావాలంటే డిసెంబర్ 23 ఉంది. 1920లో కంపెనీ ఏర్పడిన రోజు, సింగరేణి దినోత్సవం. దానికొక బొమ్మ చేసి పెట్టుకుంటే మీ మనవళ్లు కూడా వాడుకోవచ్చు.

ఆ బొమ్మ కోసం ఫొటోగ్రాఫర్ను పిలవకండి, ఏఐకి ఒక ముక్క చెప్పండి. క్షణంలో గని కార్మికుడిని గీసిస్తుంది. ముఖానికి లెక్కప్రకారం రెండు మసి గీతలు, భుజాన తళతళలాడే గొడ్డలిలాంటి పనిముట్టు, వెనక సొరంగంలోకి దూసుకొస్తున్న సూర్యకిరణాలు. కింద ‘నల్ల సూరీళ్లకు వందనం’ అని రాయండి. ఎస్‌డీఎల్ యంత్రం మీద పనిచేసి ఇప్పుడే పైకొచ్చిన ఆపరేటరు అది చూసి, బాయిలో ఎండ ఎక్కడిదని నవ్వుతాడు. నవ్వనివ్వండి. నవ్వే ఎమోజీ కూడా ఎంగేజ్‌మెంటే.

షెడ్యూల్ చేసిన వాటిని మళ్లీ ముట్టుకోకూడదు. ఇది కఠిన నియమం. ఊళ్లో ఏం జరిగినా సరే. 2021 నవంబర్ 10న మన పక్కనే శ్రీరాంపూర్‌లో, ఎస్సార్పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. అలాంటి రోజు కోల్‌బెల్టులో ఏ కాలనీలో అడుగుపెట్టినా ఆడవాళ్లు గడపల్లో నిలబడి ఉంటారు. మీ అన్నది ఏ షిఫ్టు, మీ తమ్ముడు ఏ బాయి అని ఒకరినొకరు అడుగుతుంటారు. సరిగ్గా ఆ సాయంత్రం మీ పేజీలో డీజే పాటతో ‘ఎంజాయ్ చేయండి ఫ్రెండ్స్, బంపర్ ఆఫర్’ అని వస్తుంది. ఆపాలంటే లాగిన్ కావాలి, పాస్‌వర్డ్ గుర్తుండదు, ఓటీపీ రాదు, ఐదు నిమిషాలు దండగ. వదిలేయండి. జనం తర్వాత కొన్నాళ్లు మీ దుకాణం ముందు నుంచి ముఖం తిప్పుకుని పోతే పోనీ, మస్టరు మాత్రం తప్పలేదు కదా.

సింగరేణి ఉద్యోగులకు విడిగా ఒక మాట. బాయిలోకి సెల్‌ఫోను పోదు. నిప్పురవ్వకు తావిచ్చే వస్తువేదీ కిందికి తీసుకుపోకూడదు, దిగేముందు తనిఖీ ఉంటుంది. ఆ ఎనిమిది గంటలు ఆన్‌లైన్‌లో నాగా పడుతుందని దిగులుపడకండి. మొదటి షిఫ్టు మధ్యలో, ‘ఇప్పుడే లైవ్‌లో ఉన్నా’ అని వచ్చేలా ఒకటి పెట్టిపోండి. పై అధికారి అది చూస్తే మీరు ఫోను తీసుకునే దిగారనుకుంటాడు. చార్జిషీటు చేతికొచ్చాక దాని ఫొటో తీసి పెడితే ఇంకో రోజుకు సరుకు.

జవాబుల మీద మాత్రం ఒక్క నిమిషం కూడా పెట్టకండి. ఆటోమేటిక్ రిప్లై పెట్టండి.

‘అన్నా, షాపు తెరిచే ఉందా?’

‘మీ ఆదరాభిమానాలకు ధన్యవాదాలు.’

‘మందమర్రి నుంచి వస్తున్నం, రావాల్నా వద్దా?’

‘మీ ఆదరాభిమానాలకు ధన్యవాదాలు.’

వాళ్లు వచ్చి మూసిన షట్టరు చూసి తిరిగిపోతారు. గూగుల్ మ్యాప్‌లో ఒక నక్షత్రం ఇచ్చి నాలుగు మాటలు రాస్తారు. దానికీ అదే ధన్యవాదం పోతుంది. ఇంత వినయమైన దుకాణదారుణ్ని ఎక్కడైనా చూశారా?

కొందరు అడ్డదారి తొక్కి, మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానల్‌ను చూడమంటారు. అది చెడ్డ ఉదాహరణ, పిల్లలకు చూపించకండి. 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ అనే యువకుడు జగిత్యాల వైపు లంబాడిపల్లిలో మొదలుపెట్టాడు. స్టూడియో లేదు, సూటు లేదు. పొలాలు, వాకిళ్లు, ఊరి మనుషులు, ఊరి మాట. కూలి పనులు చేసుకుని బతికిన గంగవ్వ అందులో కనిపించి ఊరూరా తెలిసిన మనిషైంది, 2020లో బిగ్ బాస్ దాకా వెళ్లింది. మొదలుపెట్టిన ఏడాదికీ ఆ ఏడాదికీ మధ్య ఎంత కాలముందో లెక్కవేయండి. వాళ్లు రోజూ శుభోదయం పెట్టి ఎదగలేదు. చెప్పడానికి ఏదో ఉంది కాబట్టి చెప్పారు, జనం ఆగి చూశారు. మనకు అంత ఓపికెక్కడిది? చెప్పడానికి ఏదో ఉండాలనే షరతు పెడితే కోల్‌బెల్టులో సగం పేజీలు రేపే మూతపడతాయి.

పేరు నడుస్తూ మనిషి కనపడకపోతే ఎవరైనా నిలదీస్తారేమోనన్న అనుమానం మిమ్మల్ని చివరిదాకా పీకుతుంది. పీకనక్కర్లేదు, మన ఊరినే చూడండి. బెల్లంపల్లి బొగ్గుతో పెరిగిన పట్టణం. పట్టణంలోని బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆఫీసులు తరలిపోయాయి, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. కంపెనీ కాగితాల్లో బెల్లంపల్లి ఏరియా ఈనాటికీ ఉంది, బొగ్గు కూడా తీస్తోంది. జనరల్ మేనేజర్ ఆఫీసు మాత్రం రెబ్బెన మండలం గోలేటిలో. అది మన మంచిర్యాల జిల్లా కూడా కాదు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. ఇంతకంటే నిలకడైన హాజరు ఏ ఇన్‌స్టా పేజీకి సాధ్యం?

బెల్లంపల్లి ఏరియా జీఎం గారితో పని ఉన్నవారు దయచేసి గోలేటి వెళ్లగలరు.