చప్పుడు లేని వారం

మా మేనల్లుడు హరిశ్చంద్రపురంలో ఇంట్లోనే కూర్చుని పరాయిదేశపు సర్వర్లకు రాత్రికాపలా కాస్తాడు. (ఈ ఊరి పేరుతో ఒకప్పుడు అసెంబ్లీ స్థానమే ఉండేది లెండి. 2009 ఎన్నికల నాటికి పునర్విభజనలో పట్టికలోంచి ఆ వరసే లేచిపోయింది.) ఎక్కడ డిస్కు నిండినా, బ్యాకప్ ఆగినా వాడి ఫోను మోగుతుంది. ఆ మోతకి మా అక్కకీ నిద్రుండదు.

ఆ మధ్య పగటి షిఫ్టు వాళ్లు హెచ్చరికల సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చారు. ఆ రాత్రి నుంచి ఫోను మోగలేదు. తెర నిండా పచ్చదీపాలే. వారం తిరక్కుండా క్లయింటు దగ్గర్నుంచి మెచ్చుకోలు మెయిలు కూడా వచ్చింది. మావాడు ముసుగుతన్ని పడుకున్నాడు. అక్కకే కుదురు లేదు.

"ఏట్రా, నీ పోను మోగడం నేదు? ఉజ్జోగం గానీ ఊడిపోనాదేటి?"

"అంతా బాగుందమ్మా. అందుకే మోగట్లేదు."

"తిత్లీ ఎల్లిన పొద్దున్న వజ్రపుకొత్తూరులో మీ మేనత్తోల్ల పోనూ మోగనేదు. బాగున్నారనుకున్నామేటి?"

2018 అక్టోబర్ 11న తెల్లారకముందే ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కరెంటుతో పాటే సెల్ టవర్లూ పోయాయి. వాళ్లు బతికున్నారో లేదో చూడ్డానికి మా బావ పడిపోయిన చెట్లు దాటుకుంటూ వెళ్లాడు.

ఆ మాటకి వాడు లేచి లాగ్ తెరిచాడు. ఒకటే ఎర్రర్, కిందికి జరిపినకొద్దీ అదే. జాబిక్స్ లాంటి హెచ్చరికల సాఫ్ట్‌వేరైతే కొత్త వెర్షన్ లేవగానే డేటాబేస్‌లోని పట్టికల్ని చాలావరకు తనే సరిచేసుకుంటుంది. ఐసింగా అనే ఇంకోదానిలో, ఐడీఓ అనే డేటాబేస్ భాగం వాడే చోట, పట్టికల్ని మార్చే స్కీమా ఫైళ్లని మనిషే వరస తప్పకుండా ఎక్కించాలి. వీళ్లది సొంతంగా రాయించుకున్న సరుకు, అదీ రెండో రకమే. కొత్త ప్రోగ్రామ్ ప్రతి హెచ్చరిక పక్కన "ఎవరికి చెప్పాలి" అని కూడా రాయబోతోంది. పాత పట్టికలో ఆ కాలమే లేదు. దాంతో డేటాబేస్ ఆ వరస మొత్తం తిరగ్గొట్టేస్తోంది. పట్టికలో పడని హెచ్చరిక ఫోన్‌దాకా రాదు. తెర మీద మాత్రం కడపటిసారి రాసుకున్న పచ్చరంగే.

బ్యాకప్ తీసుకుని, మేనేజరుకి చెప్పి, ఆ కాలం చేర్చే స్క్రిప్టు నడిపాడు. పట్టిక పెద్దది, తెల్లారిపోయింది. ఆ వెంటనే ఫోను అందుకుంది. వారంగా నడవని బ్యాకప్‌లు, నిండిపోయిన డిస్కులు, గడువు తీరిన సర్టిఫికెట్లు, ఒకదాని మీద ఒకటి. అక్క వంటింట్లోంచి, "అమ్మయ్య, ఉజ్జోగం ఉన్నాది," అంది.

సాయంత్రం మీటింగులో క్లయింటు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"నిన్నటిదాకా ఒక్క హెచ్చరిక లేదు. నువ్వు చెయ్యిపెట్టాకే ఇన్ని. వెంటనే రోల్‌బ్యాక్ చెయ్యి."

"పాత వెర్షన్‌కా సార్?"

"కాదు. పోయిన వారం నడిచిందే, దానికి."