తెరమీది గడులు, తెరమరుగు నవాబు

తెరమీద కనిపిస్తున్న గడులను మాత్రమే సరిచూడమని మాక్రో రాసినవారు, అంటే రోజూ చేసే చాకిరీని ఆజ్ఞలుగా మార్చి ఎక్సెల్‌కు ఒకేసారి అప్పగించిన గుమాస్తాలు, వారం తిరగకముందే తాము కోరినది ఎంత గొంతెమ్మ కోరికో గ్రహిస్తారు. 'విజిబుల్ రేంజ్' అనే గుణం కిటికీలో పడిన గడుల దీర్ఘచతురస్రాన్ని ఇస్తుంది గాని, అడుగంచున సగానికి తెగిన వరుసకు సైతం నిండు హాజరు వేస్తుంది. మధ్యలో ఎవరో దాచిన వరుసలనూ చడీచప్పుడు లేకుండా వెంటబెట్టుకొస్తుంది. 'స్పెషల్ సెల్స్' అనే పద్ధతి దాచినవాటిని వదిలేస్తుంది, సంతోషమే. కాని దానికి తెరతో నిమిత్తం లేదు గనుక ఎనభైవేలవ వరుసలోని గడి కూడా దాని లెక్కలో కనిపిస్తున్నట్టే, పైగా ఒక్క గడీ దొరక్కపోతే ఆ మాట మర్యాదగా చెప్పక 1004 అనే దోషం చూపి కూలబడుతుంది. రెంటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని 'ఇంటర్‌సెక్ట్'తో ఏరుకోవచ్చునని పండితులు సెలవిస్తారు. అయితే శీర్షికలు జారిపోకుండా ఫ్రీజ్ చేసిన షీటులో కిటికీ రెండో నాలుగో ముక్కలై, ఒక్కో ముక్కకు ఒక్కో విజిబుల్ రేంజ్ ఏర్పడుతుంది. ఇంతా చేసి, షీటును పైకీ కిందికీ జరిపినప్పుడు ఆ సంగతి మాక్రోకు తెలియజేసే ఈవెంట్ ఒక్కటీ ఎక్సెల్‌లో లేదు. మాక్రోలు రాసే భాష వీబీఏ 1993లో ఎక్సెల్ 5తో వచ్చింది. 2007 కూర్పులో వరుసలను 65,536 నుంచి 10,48,576కు పెంచే తీరిక చిక్కినవారికి ఈ చిన్న కబురందించే తీరిక నేటికీ చిక్కలేదు.

షీట్లకున్న మూడు స్థితులు మరీ విచిత్రమైనవి: ఒకటి కనిపించేది, రెండోది హిడెన్, మూడోది 'వెరీ హిడెన్', అనగా 'అన్‌హైడ్' జాబితాలో పేరైనా లేక, వీబీఏ ఎడిటర్ తెరిస్తే తప్ప బయటపడనిది. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌కు ఈ మూడూ ఎక్సెల్ పుట్టుకకు శతాబ్దం ముందే తెలుసు. అవధ్ నవాబు వాజిద్ అలీ షా లక్నోలో ఉన్నంతకాలం కనిపించే షీటు. 1856లో ఈస్టిండియా కంపెనీ రాజ్యం లాక్కొన్నాక గార్డెన్ రీచ్ పక్కనే మటియాబుర్జ్‌కు చేరి హిడెన్ అయ్యారు. 1857 తిరుగుబాటు రాగానే ఫోర్ట్ విలియంలో బంధించి ఆయనను వెరీ హిడెన్ చేశారు. విడుదలయ్యాక ఆయన పుచ్చుకొన్న భరణం ఏటా 12 లక్షల రూపాయలు, ఎందుకంటే ఎక్సెల్ కూడిక సూత్రం 'సమ్' దాచిన వరుసలను కూడా కూడుతుంది. 'సబ్‌టోటల్' అనే మరో సూత్రంలో 9 అని రాస్తే ఫిల్టర్ దాచినవి పోయి చేత్తో దాచినవి లెక్కలో ఉంటాయి, 109 అని రాస్తే రెండూ పోతాయి గనుక, నవాబు ఉన్నారా లేరా అన్న ప్రశ్నకు తేడా సరిగ్గా వంద. దాగినవారు ఊరుకొన్నారా అంటే అదీ లేదు. ఠుమ్రీ, కథక్, జంతుశాల, పాములకు ప్రత్యేకమైన కట్టడంతో రెండో లక్నోనే లేపారు. కోల్‌కతా బిర్యానీలో బంగాళాదుంప కూడా ఆయన వంటింటి చలవేనని చెప్పుకొంటారు. అన్నం కింద తల మాత్రం చూపుతూ నిండు హాజరు వేయించుకొనే ఆ దుంపను విజిబుల్ రేంజ్ తప్పక మెచ్చుకొంటుంది. 1887లో ఆయన కన్నుమూశాక ఆ భవనాలలో చాలావరకు మాయమయ్యాయి. సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబాడా మిగిలింది.

1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నదీ గార్డెన్ రీచ్‌లోనే. వాల్తేరు డివిజన్ 2003లో భువనేశ్వర్ కేంద్రమైన తూర్పు కోస్తా రైల్వేకు మారేదాకా ఉత్తరాంధ్ర రైల్వే సిబ్బందికి పై కార్యాలయం అదే. ఆ ఉద్యోగాల వెంట ఖరగ్‌పూర్‌కూ కలకత్తాకూ వెళ్లి, పదవీ విరమణ తరువాత కూడా అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలను ఏ షీటులో వెతకాలో ఏ మాక్రో చెప్పలేదు. దాచిన వరుసల్లో చాలావాటికి కారణం దాచినవారికొక్కరికే తెలుసు, వారు రిటైరై వెళ్లిపోయారు. మిగిలినవారు తీసేయడానికి భయపడి, తెరవడానికి బద్ధకించి అలాగే కూడుకొంటూ పోతున్నారు.

అందుచేత షీటును మరొకరికి అప్పగించే ప్రతివారికీ ఒకే మనవి: ఏ వరుసలు దాచారో, ఎందుకు దాచారో మొదటి షీటులోనే ఒక గడిలో రాసిపెట్టండి, ఆ గడిని మాత్రం దాచకండి.