ఇంకో ఆర్నెల్లు!

కాజీపేట జంక్షన్‌లో రైలు ఆలస్యమైతే మైకులో ‘చింతిస్తున్నాం’ అనైనా అంటారు. స్టేషన్ బయట చౌరస్తాలో, ఛాయ్ దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే ప్లాట్ల జోస్యుడికి ఆ అలవాటు లేదు. “మార్కెట్ ఎప్పుడు లేస్తదన్నా?” అని ఎవరైనా అడిగితే సాసర్‌లో ఛాయ్ ఒంపుకొని, రెండుసార్లు ఊది, “ఇంకో ఆర్నెల్లు” అంటాడు. 2020 సెప్టెంబర్‌లో రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్లు ఆగిపోయినప్పుడూ ఆ మాటే. 2024లో హైదరాబాద్ చెరువుల్లోని ఆక్రమణల మీదికి సర్కారు సంస్థ ‘హైడ్రా’ బుల్డోజర్లు కదిలి, ఇక్కడ కూర్చున్నవాళ్లకు కూడా చలి పుట్టినప్పుడూ ఆ మాటే.

ఆయన్నొక్కణ్నే అనడం న్యాయం కాదు. ఆర్నెల్ల లెక్క పార్లమెంటు దగ్గర నేర్చుకున్నదే. తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీకి వీలుందో లేదో రైల్వేశాఖ ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 విభజన చట్టంలోని 13వ షెడ్యూల్ చెప్పింది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేసింది 2023 జులై 8న. నడుమ పద్దెనిమిది ఆర్నెల్లు గడిచాయి. అంతకుముందు కథ ఇంకా పాతది. కాజీపేటకు వస్తుందని అందరూ ఆశపడ్డ కోచ్ ఫ్యాక్టరీ 1980లలో పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయింది. అక్కడ 1985లో పునాదిరాయి వేసి, 1988లో మొదటి రైలుపెట్టెను పట్టాలెక్కించారు. ఇక్కడ మాత్రం లేని ఫ్యాక్టరీకి ‘కూతవేటు దూరం’లో ప్లాట్లు అమ్మడం నేర్చుకున్నారు. రైల్వే ఊరు కదా, కూతకు కొదవలేదు.

ఈ వ్యాపారంలో ధర పనిని చూసి పెరగదు, వార్తను చూసి పెరుగుతుంది. కాజీపేట పక్కనున్న మడికొండలో ఐటీ కంపెనీలు తలుపులు తెరిచింది 2020లో. వాటి పేరు చెప్పుకొని బతికిన బ్రోచర్ల వయసు అంతకంటే పెద్దది. వరంగల్ దగ్గర నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి చివర కేంద్రం పచ్చజెండా ఊపింది. విమానం ఎగరడానికి ఇంకా టైముంది గానీ, గజం రేటు అప్పుడే రన్‌వే వదిలేసింది. ఇక వరంగల్ ఔటర్ రింగ్ రోడ్డు సంగతి. దాని చుట్టూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరిస్తామని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ ‘కుడా’ ముందుకొస్తే, రైతులు రోడ్డెక్కారు. 2022 మే నెలలో సర్కారు వెనక్కి తగ్గింది. ఆ ఊళ్ల మ్యాపులు పట్టుకుని తిరిగిన జోస్యులు కూడా కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నారు, అంతే.

పడిపోయిన మార్కెట్ ఎప్పుడు లేస్తుందో చెప్పాలంటే ముందు అది పడిందని ఒప్పుకోవాలి. చిక్కంతా అక్కడే.

చౌరస్తా భాషలో ‘పడింది’ అనే క్రియే లేదు. “రేటు తగ్గలే సార్, జర స్లో ఉన్నది” అంటారు. స్లో అంటే ఏడాదిగా ఎవరూ వచ్చి చూడలేదని అర్థం. ‘అర్జెంటు సేల్’ అంటే బోర్డు రాసిన రంగు వెలిసి మూడేళ్లయిందని. ‘ఎన్నారై పార్టీ ఉన్నది’ అంటే ఆ పార్టీ డల్లాస్‌లో ఉన్నది, ఫోన్ ఎత్తడం లేదని. అమ్మేవాడు కొన్న రేటుకు రూపాయి తగ్గడు, కొనేవాడు రూపాయి పెంచడు. ధర అలాగే నిలబడుతుంది, అమ్మకాలే పడుకుంటాయి. ఇదేదో ఓరుగల్లు మొండితనం అనుకోవద్దు. బోస్టన్‌లో 1990ల నాటి ఫ్లాట్ల అమ్మకాలను తిరగేసిన జెనసోవ్, మేయర్ అనే ఆర్థికవేత్తలు 2001లో ఇదే తేల్చారు. నష్టానికి అమ్మాల్సి వచ్చినవాళ్లు రేటు ఎక్కువ చెప్పి, ఎక్కువ రోజులు కూర్చున్నారట. బోస్టన్‌లో ఛాయ్ దుకాణం లేకపోవడం ఒక్కటే తేడా.

ఇంకో తేడా కూడా ఉంది. అక్కడి కాగితాల్లో అమ్మిన ధర ఉంటుంది. ఇక్కడి దస్తావేజులో సర్కారు విలువ ఉంటుంది, మిగతాది సంచిలో ఉంటుంది. తెలంగాణలో 2013 తర్వాత ఆ సర్కారు విలువలను మళ్లీ ముట్టుకున్నది 2021 జులైలో. అంటే కాగితాల ప్రకారం ఈ రాష్ట్రంలో భూమి ఎనిమిదేళ్లు కదలకుండా పడుకుంది! ఆ దస్తావేజుల్ని కంప్యూటర్‌కు తినిపించి వచ్చే ఏడాది ధర చెప్పమంటే, అది కూడా చివరికి సాసర్‌లో ఛాయ్ ఒంపుకోవాల్సిందే.

సరైన లెక్కలున్నచోటైనా జోస్యం ఫలించిందా అంటే, అదీ లేదు. అమెరికా రియల్టర్ల సంఘానికి ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న డేవిడ్ లెరియా, ఇళ్ల జోరును మీరు వదులుకుంటున్నారా అని అడుగుతూ 2005లో ఏకంగా పుస్తకమే రాశాడు. మరుసటి ఏడాదే అక్కడి ధరలు శిఖరం నుంచి జారడం మొదలుపెట్టాయి. కేస్-షిల్లర్ జాతీయ సూచీ 2012 నాటికి నాలుగో వంతుకు మించి పడింది, పాత శిఖరాన్ని మళ్లీ అందుకునేసరికి 2016 వచ్చింది. మన లెక్కలో ఇరవై ఆర్నెల్లు.

అమరావతిలోనైతే వడ్డీ రేట్లు, జీతాలు చూసి ధర అంచనా వేసినవాళ్లు తెల్లమొహం వేశారు. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినబడింది, ప్లాట్ల గుండె జారింది. 2024 జూన్‌లో ఓట్ల లెక్కింపు పూర్తయింది, అవే ప్లాట్లు లేచి కూర్చున్నాయి. తెలుగు నేల మీద ఇళ్ల ధర చెప్పడానికి ఆర్థికవేత్త కంటే బూత్ ఏజెంటే నయం.

వాన గురించి మాత్రం ఏ జోస్యుడూ ఎత్తడు. 2020 ఆగస్టులో వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. 2023 జులైలో కాజీపేట స్టేషన్ పట్టాలే మునిగాయి. ‘లేక్ వ్యూ’ అని పేరు పెట్టినందుకు చెరువే ఇంటికి వచ్చి చూసి వెళుతోంది.

కాబట్టి ఆ కుర్చీ ముందు నిలబడేవారికి ఒక విన్నపం. రెరా నంబరు అడగండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ప్లాటును ఎండాకాలం ఒకసారి, ముసురు పట్టినప్పుడు ఒకసారి చూడండి. పక్కింటివాళ్లకు అద్దె ఎంతొస్తుందో కనుక్కోండి. రేటులో గాలి ఎంతో అక్కడ తెలిసిపోతుంది. ఆ తర్వాత జోస్యుణ్ని ఒక్క మాట అడగండి: “పోయిన ఆర్నెల్లల్ల నీ సొంత పైసలతోటి ఎన్ని గజాలు కొన్నవన్నా?” ఆయన నోటి వెంట అంకె వచ్చేదాకా బయానా పైసలు జేబులోంచి తీయకండి.