కరగకముందే కానిచ్చేద్దాం

అలాస్కా గ్లేసియర్లకు భక్తులు పెరిగారు. "కరిగిపోతున్నాయట, ఉండగానే ఓసారి చూసేద్దాం" అంటూ జనం సియాటిల్ రేవులో ఓడెక్కుతున్నారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నల జాబితాలోనూ నయాగరా పక్కన అలాస్కా క్రూజ్ చేరింది. ఆపదలో ఉన్నవాళ్లను చూసిరావడం మన మర్యాదే. కాకపోతే ఇది, ఆయాసంతో మంచం పట్టిన పెద్దాయన్ని చుట్ట ముట్టించుకుని వెళ్లి పరామర్శించడం.

ఆ చుట్ట సంగతి చూడండి. వేలమందిని మోసే ఓడ. అందులో క్యాసినో, నాటకశాల, మంచు చూడబోయేవాళ్లకు వేడినీళ్ల తొట్టెలు. చాలా ఓడల్లో కాలేది పెట్రోలు, డీజిలు తీసేశాక మిగిలిన మడ్డి నూనె. పొగలోని గంధకాన్ని స్క్రబ్బర్లనే యంత్రాలు సముద్రపు నీటితో కడుగుతాయి. కడిగిన నీళ్లు మళ్లీ సముద్రంలోకే. గాలి శుభ్రం, చట్టానికి తృప్తి, చేపల బాధ చేపలు పడతాయి.

ఇక దర్శనం. గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకు రెండు పెద్ద ఓడలకే అనుమతి. పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో చరిత్ర చెబుతారు: 1794లో ఇదంతా మంచే, 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి అది 30 మైళ్లకు పైగా వెనక్కి జరిగింది. ఆ ముక్క చాలు మనవాళ్లకు. "చూశారా, ఈ ఓడలు లేనప్పుడూ కరిగిందిగా!" కరిగింది, కాదనం. పాత పద్దు చూపించి మన బాకీ ఎగ్గొడదామంటేనే పేచీ.

అక్కడి మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది. రెండువైపుల గదులవాళ్లకూ న్యాయం జరగాలిగా! దుప్పట్లు కప్పుకుని, చేతిలో వేడి సూపుతో అందరూ ఎదురుచూస్తుంటారు. పెద్ద మంచు పెళ్ల ఫెళ్లున విరిగి నీళ్లలో పడుతుంది. చప్పట్లు, ఈలలు! పడకపోతే డబ్బు దండగన్న గొణుగుడు.

ఈ ఓడలు ఆగే జూనో ఊరి జనాభా సుమారు 32 వేలు. ఏటా ఓడలు దింపేది 16 లక్షల పైచిలుకు మందిని. రోజుకు ఐదు పెద్ద ఓడలు చాలని 2024 నుంచి ఒప్పందం. శనివారాలైనా ఓడలు వద్దన్న ప్రతిపాదనను అదే ఏడాది ఓటర్లే ఓడించారు. ఓడొస్తేనే పూట గడిచేవాళ్లు, ఏం చేస్తారు? ఆ ఆగస్టులోనే ఊరి దగ్గరి మెండెన్‌హాల్ గ్లేసియర్ పక్క లోయలో నిలిచిన నీరు ఒక్కసారిగా విడుదలై ఇళ్లలోకి వచ్చింది. యాత్రికులు గ్లేసియర్‌ను చూడ్డానికి టికెట్టు కొన్నారు. జూనోవాళ్ల గుమ్మంలోకి అది ఉచితంగానే వచ్చింది.

కరుగుతోందన్న భయమే సరుకైనప్పుడు, కరగకుండా చూడాలన్న తొందర అమ్మేవాడికెందుకుంటుంది? కళ్లారా చూస్తే పర్యావరణంపై అవగాహన పెరుగుతుందట. పెరిగినట్టే ఉంది. తర్వాతి యాత్రకు రాయితీ ఇచ్చే కౌంటరు ఓడలోనే ఉంటుంది. అవగాహన పెరిగినవాళ్లంతా అక్కడ వరసకట్టి అంటార్కిటికా రేటు అడుగుతున్నారు.